చందా రసీదు పుస్తకం ఆత్మకథ

సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే రచయిత అచ్చుకు ముందే పాఠకుల్ని వెతుక్కోవాలి. కాగితం కొనాలి, అచ్చాఫీసుకు అడ్వాన్సు కట్టాలి. పుస్తకం వచ్చాక అమ్ముకుందాంలే అనుకుంటే కట్టలన్నీ మంచం కిందికి చేరతాయి. అందుకని ధర కొంత తగ్గించి, డబ్బు ముందుగా తీసుకుని, రసీదు రాసిస్తారు. దాన్ని ముందస్తు చందా అంటారు. అలా రసీదులు రాసిచ్చిన ఒక పుస్తకం తన గురించి తాను చెబుతున్న సంగతులివి. పుట్టింది లెక్కల కోసం కాబట్టి, తన బతుకును కూడా అది పద్దు రాసినట్టే, వేరొకరి సంగతి చెప్పినట్టే చెబుతుంది.

రసీదు పుస్తకం ధర్మవరంలో ఒక చిన్న అచ్చాఫీసులో తయారైంది. నూరు రసీదులు, ప్రతి దానికీ వరుస నంబరు. తెల్ల కాగితం చందాదారుకు, దాని కింద గులాబీ రంగు నకలు పుస్తకంలోనే. మధ్యన కార్బన్ పేపరు. రసీదు పుస్తకం కొన్నది పుట్టపర్తిలో ఉంటున్న ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు. చిత్రావతి వెంబడి ఉన్న చెరువుల మీద ఆయన ఏళ్ల తరబడి రాసుకున్న పుస్తకం 500 ప్రతులు వేయాలని సంకల్పం. అది 2018.

నవలకైతే రచయిత పేరు చూసి కొనేవాళ్లుంటారు. చెరువుల చరిత్రకు పాఠకులెవరు? ఆ చెరువుల కింద మడికట్లున్నవాళ్లే. కాబట్టి రచయిత ప్రకటనల మీద కన్నా బస్సు మీద ఎక్కువ నమ్మకం పెట్టుకున్నాడు. చేతిసంచిలో రాతప్రతి, రసీదు పుస్తకం వేసుకుని బుక్కపట్నం, కొత్తచెరువు, నల్లమాడ వైపు ఊళ్లకు వెళ్లేవాడు. రచ్చబండ దగ్గర కూర్చుని ఆ ఊరి చెరువు గురించి తాను రాసిన అధ్యాయాన్ని చదివి వినిపించేవాడు. విజయనగర రాజుల నాటి బుక్కపట్నం చెరువు గురించి విన్నవాళ్లు ఊరికే తల ఊపి లేచిపోలేదు. తూము ఏ పక్కనుందో, మరవ (అలుగు) ఏ ఏడు పారిందో, నీరుగంటి వంతులు ఎట్లా పంచేవాడో వాళ్లకు తెలుసు. “ఆ తూము పడమరకు కాదు సారూ, రాసుకోండి” అని ఒక ముసలాయన నిలదీస్తే, రాసుకోవడానికి అందిన కాగితం రసీదు పుస్తకంలోని గులాబీ నకలే. దాని వెనకవైపు పెన్సిలుతో గీసిన తూము బొమ్మ, పక్కనే కట్ట పొడవున ఒక గీత, ఆ చివర ‘మరవ’ అన్న మాట ఇప్పటికీ ఉన్నాయి. అదే నకలు ముందువైపు ఆ ముసలాయన కట్టిన చందా అంకె ఉంది. తప్పు దిద్దిన మనిషి, డబ్బు కట్టిన మనిషి ఒక్కడే. వాస్తవాలతో నిండిన పుస్తకానికి విడుదలకు ముందు జరిగే ప్రచారం అసలు విలువ ఇక్కడుంది: అది అమ్మకంతో పాటు మొదటి పరిష్కరణ కూడా. రసీదు పుస్తకానికి ఉన్న గర్వమంతా ఈ పెన్సిలు గీతల మీదే.

చందాలకు కాలం చూసుకోవాలి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. చెనిక్కాయ జూన్, జులైలలో విత్తితే చేతికొచ్చేసరికి అక్టోబరు, నవంబరు. విత్తనాల రోజుల్లో వెళ్లి చందా అడగడం తగని పని. వాన ముఖం చాటేసిన ఏడాది నవంబరులోనూ అడగలేం. కొన్ని నకళ్ల మీద డబ్బు గడి ఖాళీగా ఉండి, పక్కన ‘పంట అమ్మినాక’ అని రాసుంది. ఆ మాట ఇచ్చినవాళ్లలో చాలామంది తర్వాత కట్టారు కూడా. నవంబరు 23న సత్యసాయిబాబా జయంతికి పుట్టపర్తి జనంతో నిండిపోతుంది. ఆ రోజుల్లో బాబా ఆశ్రమం ప్రశాంతి నిలయం వీధిలో నిలబడినా కొన్ని రసీదులు చిరిగేవి. అయితే బయటి ఊళ్లవాళ్లు పేరు, చిరునామా ఇచ్చి వెళ్లిపోతారు. చెరువు గురించి తగాదా పడేవాళ్లు చుట్టుపక్కల పల్లెలవాళ్లే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో అలెగ్జాండర్ పోప్ 1715 నుంచి ఇలియడ్ అనువాదాన్ని చందాల మీదే ఆరు సంపుటాలుగా తెచ్చాడు. ముందుగా డబ్బు కట్టినవాళ్ల పేర్లు పుస్తకంలోనే అచ్చయ్యాయి. తెలుగులో 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర, శాస్త్ర గ్రంథాలను చందాదారుల అండతోనే వెలువరించింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర దాని తొలి ప్రచురణ. పుస్తకం కాకముందే పత్రికలో భాగాలుగా ఇచ్చి పాఠకుల్ని కూడగట్టుకోవడం మరో దారి. కందుకూరి వీరేశలింగం తన రాజశేఖర చరిత్రను 1878లో సొంత పత్రిక వివేకవర్ధనిలో ప్రకటించి, 1880లో పుస్తకంగా తెచ్చాడు. పుట్టపర్తిలోనూ అదే దారి కనిపిస్తుంది. 1958 ఫిబ్రవరి 16న సనాతన సారథి పత్రిక మొదలైంది. సత్యసాయిబాబా తెలుగులో రాసిన ప్రేమవాహిని అందులోనే వరుసగా వచ్చింది. ఆ తర్వాతి వాహినులూ ముందు పత్రికలో, పిమ్మట పుస్తకాలుగా వెలువడ్డాయి. వాటిని ఇంగ్లీషులోకి తెచ్చింది ఆ పత్రికకు సంపాదకుడిగా పనిచేసిన ఎన్. కస్తూరి. నెల నెలా చదివే అలవాటు పడినవారికి పుస్తకం గురించి వేరే టముకు వేయనక్కర్లేదు. సొంత పత్రిక లేని రచయితకు సొంత కాళ్లే దిక్కు.

చెరువుల పుస్తకం రచయిత మిగతా మార్గాలనూ వదల్లేదు. ఒక అధ్యాయాన్ని ఆదివారం అనుబంధానికి వ్యాసంగా పంపాడు. పెద్దలొకరి ముందుమాట తీసుకున్నాడు. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితంగానే ఇస్తారు కాబట్టి దరఖాస్తు పెట్టి తెచ్చుకున్నాడు. అట్ట బొమ్మ వాట్సాప్‌లో తిరిగింది. దూరాన ఉన్న పాత శిష్యులు ఫోన్లోనే డబ్బు పంపారు. వాళ్లకు రసీదు రాయలేదు. ఫోను మారినప్పుడు ఆ పేర్లలో కొన్ని పోయాయి. రసీదు రాసిన పేరు అప్పట్లో ఒక్కటీ పోలేదు.

పుస్తకం ఉగాదికి అన్నది వేసవి దాటాక గానీ రాలేదు. ఆలస్యమైన ఆ నెలల్లో చందాదారులు ‘ఎప్పుడొస్తాది సార్’ అని అడిగినప్పుడల్లా రచయిత రసీదు పుస్తకం తెరిచి నంబరు చూసి, ‘మీది రాసిపెట్టింది’ అని చూపించేవాడు. డబ్బు కట్టిన మనిషికి పుస్తకం కనబడని కాలంలో కనబడేది ఆ నకలొక్కటే. రచయిత పరువు కాపాడే పని అది మౌనంగా చేసింది.

ఆవిష్కరణ రోజు నుంచి దాని అక్కర తీరింది. వేదిక మీదికి కొత్త పుస్తకాలు వెళ్లాయి. రసీదు పుస్తకం గేటు దగ్గర బల్ల మీద, ప్రతులు అందినట్టు టిక్కులు పెట్టించుకుంటూ ఉండిపోయింది. చందాదారుల పేర్లు చివరి పేజీలో వేద్దామన్న ఆలోచన కాగితం ఖర్చు దగ్గర ఆగిపోయింది. తర్వాత రసీదు పుస్తకం రేకుపెట్టెలోకి వెళ్లింది. చించని రసీదుల వెనక మనవడు ఎక్కాలు రాశాడు. ఎండాకాలంలో రేకు వేడికి జిగురు విడిపోయి మొదటి రసీదుల నకళ్లు ఊడి వచ్చాయి. వాటిలో కొన్ని పచారీ సామాను లెక్కలకు పనికొచ్చాయి. వెండిపురుగు అంచులు కొరికింది. ఒకసారి పాతపేపర్ల తక్కెడ దాకా వెళ్లి, అట్ట గట్టిగా ఉందని ఎవరో పక్కన పెడితే వెనక్కి వచ్చింది. అచ్చు పుస్తకం సంగతి వేరు: 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ మరో మూడు గ్రంథాలయాలకూ ప్రతులు పంపాలి. పుస్తకాన్ని నిలబెట్టిన మనుషుల జాబితాను దాచమని ఏ చట్టమూ అడగదు. ఫలానా చెరువు తూము ఏ దిక్కునుందో చెప్పిన ముసలాయన పేరు అచ్చు పుస్తకంలో ఎక్కడా లేదు. ఉన్నది ఆ గులాబీ నకలు మీదే. ఈ ఒక్క విషయంలో రసీదు పుస్తకం తన యజమానిని క్షమించలేదు.

మొదటి ముద్రణ అయిపోయింది. రెండో ముద్రణ ఆలోచన వచ్చాక రేకుపెట్టె మళ్లీ తెరిచారు. మొదట అడగాల్సింది పాత చందాదారులనే అని రచయితకు తెలుసు. చుట్టుపక్కల పల్లెల చిరునామాలన్నిటి చివరా ‘అనంతపురం జిల్లా’ అని ఉంది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది కాబట్టి ఆ మాట మార్చుకోవాలి, పిన్‌కోడ్ పాతదే. కొందరు చనిపోయారు, వాళ్ల పిల్లల్లో కొందరు బెంగళూరులో ఉన్నారు. పుస్తకాలు వాళ్లకు 2025 మే నుంచి తపాలా శాఖ నడుపుతున్న జ్ఞాన్ పోస్టులో పంపవచ్చు. రచయిత ఇప్పుడు ఒక్కో నకలూ తిరగేసి వెనకనున్న పెన్సిలు రాతలను వేరే కాగితం మీదికి ఎత్తుతున్నాడు. రెండో ముద్రణలో చందాదారుల పేర్లతో పాటు, ఏ ఊరి చెరువు గురించి ఎవరు ఏ తప్పు దిద్దారో ఆ వివరమూ చేరుతుంది.