అశ్వపందెపు సైటు వరణము: టీకా తాత్పర్య సహితము

మూలము

"గుర్రప్పందేలకు పది ఉత్తమ సైట్లు! వెయ్యి రూపాయల స్వాగత బోనస్, మేలైన రేట్లు, క్షణాల్లో విత్‌డ్రాయల్. నిబంధనలు వర్తిస్తాయి."

అవతారిక

ఫోను తెరిచినవాడికల్లా ఎదురుపడే ఈ వాక్యానికి కర్త అజ్ఞాతుడు. పదింటికీ అయిదేసి నక్షత్రాలు వేసి, లింకు నొక్కి చేరినవాడి తలకింత అని కమిషన్ పుచ్చుకోవడం ఈ కవుల రివాజు. ఆ సంగతి మూలంలో అధ్యాహారం.

టీక

"పది ఉత్తమ సైట్లు": సుగమము.

"మేలైన రేట్లు": సరిసమానమైన అయిదు గుర్రాలు పరుగెడితే, గెలిచినదానిమీద వందకు 500 రావాలి. సైటు 450 చూపిస్తుందనుకోండి. అయిదింటి మీదా తలా వంద కాసినవాడు, ఏది గెలిచినా యాభై వదులుకొని లేస్తాడు.

"స్వాగత బోనస్": వెయ్యి చేతికి రావాలంటే దానికి పదిరెట్లు పందెం కాయాలని చిన్నక్షరాల్లో ఉంటే, పై రేట్ల ప్రకారం 10,000 కాసేసరికి సగటున పోయేది సరిగ్గా వెయ్యి.

ఆక్షేపము: గుర్రప్పందెం నైపుణ్యమున్న ఆట అని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది కదా, గుర్రాన్ని ఎరిగినవాడికి భయమేల?

సమాధానము: ఉచ్చైఃశ్రవాన్ని చూసి ఒళ్లంతా తెలుపే అన్న వినత గుర్రాన్ని బాగానే ఎరుగును. తోక నలుపన్న కద్రువ ఎరగదు. పందెం ఓడి దాసి అయింది వినత. ఇప్పుడే పోయి చూద్దామంటే కద్రువ "రేపు" అంది. (నేటి సైట్లు ఆ రాత్రిని "మీ పందెం పరిశీలనలో ఉంది" అంటాయి.) ఈలోగా తోకకు చుట్టుకోమని నాగులైన తన కొడుకులను పురమాయించింది. నన్నయగారి భారతంలో అందుకు ఒప్పుకొన్నవాడు కర్కోటకుడు. అరణ్యపర్వంలో నలుణ్ణి కాటువేసి రూపు మార్చినవాడూ ఇతడే. ఆ నలుడి కథలో ఒక సూక్ష్మముంది. అశ్వహృదయం, అంటే గుర్రాల విద్య, ఆయనకు మొదటినుంచీ కరతలామలకం. పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకొన్నది ఆ విద్య చేతిలో ఉండగానే. దాన్ని అయోధ్య రాజు ఋతుపర్ణుడికిచ్చి పాచికల విద్య అయిన అక్షహృదయం పుచ్చుకొన్నాకనే పుష్కరుణ్ణి గెలిచాడు. ఆ ఋతుపర్ణుడి ప్రజ్ఞ ఏమని చెప్పను! పరుగెత్తే రథంలోంచే తాండ్రచెట్టు ఆకులూ కాయలూ లెక్క చెప్పేశాడు. నలుడు ఊరుకొన్నాడా? చెట్టు కూల్చి మరీ సరిచూసుకొన్నాడు. సైటువాడి లెక్కను కూల్చి చూసుకొనే వీలు మనకేదీ?

ఎక్కడున్నాం? విత్‌డ్రాయల్ దగ్గర.

"క్షణాల్లో": డబ్బు వేసేటప్పుడు యూపీఐ చాలు. తీసుకొనేటప్పుడు ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆధార్ పట్టుకొని సెల్ఫీ. సెల్ఫీలో చెవి కనబడలేదని తిరుగుటపా. వరసగా గెలిచేవాడికి పందెం పరిమితి వందకు దిగుతుంది, ఓడేవాడికి ఆకాశమే హద్దు. మలక్‌పేట రేస్‌కోర్సులో పందెం కాసే టోట్ కిటికీ వెనక మనిషైనా ఉంటాడు, నిలదీయవచ్చు. ఇక్కడ ఎంత దేవులాడినా దొరికేది కరీబియన్‌లో కురాసావ్ అనే దీవి ఇచ్చిన లైసెన్సు నంబరు. పోయిన డబ్బు కోసం అక్కడికి ఓడెక్కమంటారా?

"నిబంధనలు వర్తిస్తాయి": మనకు.

తాత్పర్యము

ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. పది ఉత్తమ సైట్లను తెలుగులో ఏరిపెట్టే పండితులారా, మీ జాబితాలో మొదటి పేరుకు పైన ఆ ఒక్క ముక్కా వేయండి.