మైనస్ ఒకటి వరకు: ఒక ల్యాబ్ రికార్డుకు టీకా తాత్పర్యం

మూలం: “వినియోగదారుని నుండి ధన పూర్ణాంకముల ప్రవాహమును ఒక్కొక్కటిగా స్వీకరించుచు, −1 సంప్రాప్తించినంతట ఆ ప్రవాహము సమాప్తమైనదని గ్రహించి, గరిష్ఠమును, సగటును ముద్రించు సీ ప్రోగ్రామును వ్రాయుము.”

అవతారిక: ఇంజనీరింగు మొదటి ఏడాది ల్యాబ్ రికార్డులోదిది. కర్త ఎవరో తెలియదు. సీనియర్ల రికార్డుల్లోంచి జూనియర్ల రికార్డుల్లోకి జెరాక్సు పరంపరగా వస్తోంది. అసలు ఇంగ్లీషులో ఉంది, దర్పం తగ్గకుండా తెనిగించాను. మా అన్నయ్య కొడుకు సెలవులకు మా ఊరు కోడూరు వచ్చి, వసారాలో బోర్లా పడుకుని దీన్ని ఎక్కిస్తుంటే కంటబడింది.

“ప్రవాహం అంటే ఏంట్రా?”

“ఏముంది బాబాయ్, అంకెలు కొట్టడమే. అన్నీ వంద గళ్ల అర్రేలో పెట్టేసి చివర్లో లెక్కకడతాం.”

“నూటొకటోది వస్తే?”

“రాదు బాబాయ్. మేం కొట్టేది ఐదే.”

ఈ వ్యాఖ్యానానికి ఆ మాటే ప్రేరణ.

ప్రతిపదార్థం: సులభం గనుక వదిలేశాం. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన టీక రాసింది కాళిదాసుకు, కాబట్టి చెల్లింది. ల్యాబ్ రికార్డుకు టీక రాసేవాడు అక్కర్లేనిది మానేస్తే చేతిలో మిగిలేది అట్టే.

విశేషం: ప్రవాహ లక్షణం చెప్పాలి. ఎంత వస్తుందో ముందు తెలియదు. పోయింది వెనక్కి రాదు. అంతా నిలవ చేసుకునే చోటు ఉండదు. అర్రే పట్టుకు కూర్చున్నవాడికి ఇందులో ఒక్కటీ ఎక్కదు గానీ, కాలువ లాకుల దగ్గర లస్కరుకు మూడూ తెలుసు. గేజీ చూస్తాడు, పుస్తకంలో రాస్తాడు, షట్టరు తిప్పుతాడు. ఈ సార్వాలో ఎక్కువ మట్టం ఎంతండీ అని అడిగితే పుస్తకం తిరగెయ్యడు. తలలో ఒకటే అంకె పెట్టుకుంటాడు. ఇవాళ్టిది దాన్ని మించితే పాతది చెరిపి కొత్తది పెట్టుకుంటాడు. గరిష్ఠానికి ఆ ఒక్క గది చాలు. సగటుకు రెండు గదులు: ఇప్పటిదాకా సగటు, ఎన్ని వచ్చాయన్న లెక్క. కొత్త అంకెలోంచి పాత సగటు తీసి, కొత్తదాన్నీ కలుపుకున్న లెక్కతో భాగించి, వచ్చినదాన్ని పాత సగటుకే కలిపితే సరి. అంకెలు ఎంతెంత చెదురుగా ఉన్నాయో కూడా పాతవి దాచుకోకుండా ఇదే దారిలో కట్టవచ్చని వెల్‌ఫర్డ్ 1962లో టెక్నోమెట్రిక్స్ పత్రికలో చూపించాడు. వంద గళ్లు దేనికి?

ప్రోగ్రాముల్ని తోటలో నీళ్లగొట్టాల్లాగా ఒకదానికొకటి బిగించుకునే వీలుండాలని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లో రాసిపెట్టాడు. 1973లో యూనిక్స్‌లోకి పైపులు వచ్చాయి. మంచిదే, కానీ ఆయన గొట్టం దగ్గరే ఆగిపోయాడు. పులిగడ్డ అక్విడెక్టు చూస్తే ఏమనేవాడో! బెజవాడలో 1855 నాటికి ఆనకట్ట కట్టారు, అది 1952లో తెగింది, 1957కల్లా ప్రకాశం బ్యారేజీ లేచింది. అక్కడ తూర్పు గట్టున బయల్దేరిన కాలువ నీళ్లు పులిగడ్డ దగ్గర కృష్ణ పాయను పైనుంచి దాటి దివిసీమలోకి దిగుతాయి. కింద నది, నది మీద కాలువ. కింద పోయే నీళ్లు హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తాయి, వాటి ఊసు ఎవరికీ పట్టదు. పైన పోయే నీళ్లకు మాత్రం అంగుళం అంగుళానికీ తగువే. దారి పొడుగునా ఇంజన్లు పెట్టి తోడేవాళ్లు తోడతారు. గుర్రపుడెక్క అడ్డం పడుతుంది. వంతులంటారు, మన వంతు నాటికి పైన ఎవరికో నారుమళ్లు ఎండిపోతుంటాయి. శివారు కోడూరుకు వచ్చేసరికి కాలువలో నీటికంటే నాచు ఎక్కువ. ఇటు సముద్రం ఊరుకోదు. తీపినీరు వెనక్కి తగ్గిన చోటల్లా ఉప్పు పైకి తేలుతుంది. ఆఫీసులో అడిగితే, పైన ఇంత వదిలాం అని కాగితం చూపిస్తారు. వదిలింది సరే. అందింది రాసే గడి ఆ కాగితంలో ఎక్కడుంది?

మూలం సంగతి మరిచాం. −1 దగ్గరకు వద్దాం.

పూర్వపక్షం: ధన పూర్ణాంకాలే వస్తాయి గనుక −1 రాదు, రాదు గనుక ముగింపు గుర్తుగా పనికొస్తుంది అంటారు. సిద్ధాంతం: ఇది సముద్రం చూడనివాడి మాట. సగటు మట్టాన్ని సున్నా అనుకుని, మా పాయ మొగలో కర్ర పాతి కొలిస్తే, పోటుకు అంకె పైకి పోతుంది, పాటుకు సున్నా కిందికి దిగుతుంది. దిగేటప్పుడు −1 మీదుగానే దిగాలి కదా. ప్రవాహం ఆగిందని ప్రోగ్రాం మూట సర్దేస్తుంది. నీళ్లు మాత్రం ఇంకా లాగుతూనే ఉంటాయి. వచ్చే సరుకులో ఉండే అంకెనే సరుకు అయిపోయిందనడానికి గుర్తు పెట్టుకోవడం ఏం తెలివి? అంకెలు అయిపోయాయని చెప్పే ఏర్పాటు సీ భాషలోనే ఉంది. స్కాన్‌ఎఫ్ ఎన్ని చదివిందో తిరిగి చెబుతుంది. ఆ జవాబు అందుకునేవాళ్లేరీ?

టర్బో సీ మీద ఒక్క మాట. 1987 నాటి ఈ కంపైలరుతోనే ఇంకా పాఠం చెప్పే ల్యాబులున్నాయి. అందులో పూర్ణాంకపు గది, అంటే ఇంట్, 32,767 దాటదు. రోజూ వెయ్యి క్యూసెక్కుల చొప్పున 33 రోజులు కూడితే 33,000 రావాలి. మైనస్ 32,536 వస్తుంది. కాలువ వెనక్కి పారిందన్నమాట. ఇలాంటి లెక్కలు ఆఫీసు కాగితాల్లోనూ చూశాం కాబట్టి ఆశ్చర్యపోం.

తాత్పర్య నిర్ణయం: గ్రంథం ఆంతర్యం తేల్చడానికి మీమాంసకులు ఆరు లింగాలు చెప్పారు. మా వాడి రికార్డుకు పెట్టి చూద్దాం. ఉపక్రమోపసంహారాలు: మొదట “ప్రోగ్రాము వ్రాయుట”, చివర “విజయవంతముగా నడిచినది”. రెండూ ఒకే రాత్రి రాసినవి గనుక చక్కగా పొసిగాయి. అభ్యాసం, అంటే చెప్పిందే చెప్పడం: క్లాసులో అందరి రికార్డుల్లోనూ అవే ఐదు అంకెలు, అదే సగటు. అపూర్వత లేదు. ఫలం ఇంటర్నల్ మార్కులు. అర్థవాదం ఎర్రసిరా సంతకం. ఇక ఉపపత్తి, అంటే యుక్తి. అది ఎవరూ అడగరు. పోయినసారి రికార్డు వెనక్కొచ్చింది, ఎడమ పేజీలో అవుట్‌పుట్ పెన్సిలుతో రాయలేదని. ఆ ప్రోగ్రాం నడిచిందా అని అడిగిన పాపాన పోలేదు. పిల్లవాడి చేతిరాత బాగుపడుతోంది, ఒప్పుకోవాలి. నాలుగేళ్ల ఫీజు కట్టింది చేతిరాతకా?

పాఠాంతరం: ఇక అసలు చిక్కు. మొదటి అంకే −1 అయితే? ఒక్కటీ రాలేదు, లెక్క సున్నా. సున్నాతో భాగించబోయి ప్రోగ్రాం “డివైడ్ ఎర్రర్” అని కూలబడుతుంది. ప్రవాహం అన్నాక వచ్చే తీరుతుందని మూలకర్త ధీమా. ఆయనది కాలువ మొదట్లో పొలం అయ్యుంటుంది. శివారువాళ్లం గనుక మూలం చివర ఒక వాక్యం చేర్చి చదువుతున్నాం: “ఒక్కటియు రానిచో సగటు కట్టక, రాలేదని ముద్రించుము.” ఈ పాఠం ఏ ప్రతిలోనూ లేదు.