చెరువు ముందు, పటం తరువాత

చేపల చెరువుకు తగిన చోటును ఎంచడం ఈనాడు ఒక శాస్త్రంగా ఎదిగింది. నేలలో బంకమట్టి పాలు ఎంత, వాలు ఎటు, కాలువ ఎంత దూరం, నీటిలో ఉప్పు ఏ మేరకు, వరద ఎక్కడి వరకు అన్న వివరాలను ఉపగ్రహ చిత్రాల నుంచీ క్షేత్ర సర్వేల నుంచీ సేకరించి, ఒక్కొక్క వివరాన్ని ఒక్కొక్క పటంగా గీసి, ఆ పటాలను పొరలుగా ఒకదానిపై ఒకటి పేర్చి చూసే ఏర్పాటునే భౌగోళిక సమాచార వ్యవస్థ, వాడుకలో జీఐఎస్, అంటారు. అన్ని పొరల్లోనూ మంచి మార్కులు తెచ్చుకున్న చోటు ‘మిక్కిలి అనుకూలం’ అని ఆకుపచ్చగా తేలుతుంది, తప్పిన చోటు ఎర్రబడుతుంది. ఇక పటం చూసి తవ్వుకోవడమే తరువాయి అని గ్రంథాలు బోధిస్తాయి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు సరస్సు మాత్రం ఆ గ్రంథాలు చేతికందకముందే తవ్వకాన్ని చూసింది గనుక అక్కడ బోధన తలకిందులుగా అమలైంది.

ఈ పొరలలో రెండు జాతులున్నాయి. మొదటివి నిషేధపు పొరలు: అభయారణ్యం, మడ అడవి వంటి చోట్ల ఎన్ని సుగుణాలున్నా వాటిని లెక్కలోకే తీసుకోరాదు. రెండోవి తూకపు పొరలు: వీటికి నిపుణులు తలా ఇంత బరువని నిర్ణయిస్తారు, ఒకదానిలో తగ్గిన మార్కు మరొకదానిలో పెరిగి సర్దుకుంటుంది. నిషేధపు పొరను సద్దుచేయకుండా తూకపు పొరల వరుసలోకి దించగలిగితే చాలు, అభయారణ్యంలో ఉండడమనే చిన్న లోపాన్ని కాలువకు దగ్గరగా ఉండడమనే పెద్ద సుగుణం పూడ్చివేస్తుంది. బరువులు తేల్చడానికి థామస్ సాటీ అనే గణితవేత్త 1970లలో రూపొందించిన, అంశాలను రెండేసి చొప్పున జతలుగా పోల్చే పద్ధతి విరివిగా వాడుకలో ఉంది. అది నిపుణుల తీర్పుల మధ్య పొంతన ఉందో లేదో శ్రద్ధగా పరీక్షిస్తుందే తప్ప, ఆ తీర్పులు ఎవరి గట్టు మీద కూర్చుని చెప్పినవో అడగదు.

కొల్లేటిలో పేచీ అంతా కాంటూరు దగ్గరే ఉంది. కాంటూరు అంటే సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలుపుతూ గీసే గీత. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు వరకు, అనగా అయిదడుగుల ఎత్తు వరకు ఉన్న సుమారు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా నమోదైన విస్తీర్ణం ఇంకా పెద్దది, 901 చదరపు కిలోమీటర్లు. 2006 నాటి ‘ఆపరేషన్ కొల్లేరు’లో చెరువు గట్లను కూల్చి రెండేళ్లయినా నిండాయో లేదో, 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. రెండడుగులు కిందికి దిగితే మిగిలేది సుమారు 135 చదరపు కిలోమీటర్లు. ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తు పటాలలో పొరపాటు కొన్ని మీటర్ల దాకా ఉండవచ్చునని వాటిని తయారుచేసినవారే ఒప్పుకుంటారు. అంటే అంతరిక్షంలోని యంత్రానికి ఆనని రెండడుగులు శాసనసభలో కూర్చున్నవారికి స్పష్టంగా ఆనాయన్నమాట. తెలుగువారి దూరదృష్టికి ఇంతకన్న రుజువు అక్కరలేదు.

పటం సరైనదో కాదో పరీక్షించే ఘట్టం మరింత రమ్యమైనది. జీఐఎస్ నమూనా ‘అనుకూలం’ అని చూపిన చోట వాస్తవంగా చెరువులున్నాయా అని సరిచూడడం, ఉంటే నమూనా నిజమైందని సంతోషించడం ఈ రంగంలో తరచుగా కనిపించే ఆచారం. 2001 ఫిబ్రవరి నాటి భారతీయ ఉపగ్రహ చిత్రాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో దాదాపు 42 శాతాన్ని చేపల చెరువులు ఆక్రమించాయనీ, వాటి సంఖ్య వెయ్యి దాటిందనీ తేల్చారు. వారు దానిని సరస్సు పతనానికి సాక్ష్యంగా చూపారు. పై ఆచారం ప్రకారమైతే అది కొల్లేటి యోగ్యతకు ధ్రువపత్రం. ఆక్రమణదారు ఈ విధంగా, తనకు తెలియకుండానే, క్షేత్ర పరిశోధకుడవుతాడు. ఉపగ్రహానికి మరో అమాయకత్వం కూడా ఉంది: నీరు పరారుణ కిరణాలను పీల్చుకుని చిత్రంలో నల్లగా కనిపిస్తుంది గనుక, గట్టు లోపలి నీటినీ గట్టు బయటి నీటినీ అది సమభావంతో ‘నీరు’ అనే లెక్కిస్తుంది. ఆకారం చూడకుండా విస్తీర్ణం మాత్రమే కూడేవారికి, చెరువులు పెరిగే కొద్దీ ఎండాకాలపు కొల్లేరు నిండుగా కనిపించి కళ్లు చల్లబడవచ్చు.

చెరువుల సాగు నిలకడ అన్న మాటకు వస్తే, అనుకూలతా పటంలోని గడికి ఇరుగుపొరుగు ఉండదు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో పది మీటర్లకు పది మీటర్ల గడి ఒక్కొక్కటీ విడివిడిగా పరీక్ష రాసి విడివిడిగా ఉత్తీర్ణమవుతుంది. అయితే తవుడు, చెక్క, గుళికల మేతలలో చేప తినగా మిగిలిన నత్రజని, భాస్వరం విడివిడిగా పోవు. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే వరద కూడా విడివిడిగా రాదు. ఇన్ని ఏర్లు వచ్చి చేరే సరస్సు నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. ఒక చెరువు మురుగును సరస్సు భరిస్తుంది, వేయి చెరువుల మురుగును భరించలేదు. ఈ మొత్తపు పరిమితినే ధారణ సామర్థ్యం అంటారు. దానిని ముందు లెక్కించి తరువాత చోటు వెతకవలసి ఉండగా, అన్ని చోట్లూ నిండాక లెక్క మొదలుపెట్టడం పరిపాటి అయింది.

ఏ పొరలోనూ చేరని సమాచారం మరొకటి ఉంది. 1970లలో ప్రభుత్వమే సరస్సులోని లంక గ్రామాల పేదలను సహకార సంఘాలుగా చేర్చి, సరస్సు గర్భంలో పట్టాలిచ్చి, చేపల పెంపకానికి ప్రోత్సహించింది. పెట్టుబడి లేని సంఘాల చెరువులు క్రమంగా లీజుల రూపంలో బయటి పెట్టుబడిదారుల చేతుల్లోకి వెళ్లాయి. ఉపగ్రహం గట్టు పొడవును కొలవగలదు, నీటి లోతును అంచనా వేయగలదు; పట్టా ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది, పట్టుబడిలో లాభం ఆ రెండోవారిది అన్న సంగతిని ఏ కిరణంతోనూ పట్టుకోలేదు. చెరువు ఆకుపచ్చ గడిలో ఉన్నంతకాలం దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. గడి ఎర్రబడి గట్టు కొట్టవలసిన రోజున మాత్రం దస్త్రాలు మళ్లీ తెరుచుకుంటాయి. వాటిలో లీజుదారు పేరు వెతికినా దొరకదు గనుక, నోటీసు లంక గ్రామంలోని పట్టాదారు ఇంటికే చేరుతుంది.