వారాంతపు వానప్రస్థము

శనివారము నగరమును పరిత్యజించి, ఆదివారము సాయంకాలమునకు దానినే మరల పరిగ్రహించు నొక నవీన వానప్రస్థాశ్రమము సాన్ ఫ్రాన్సిస్కో అఖాతమున దినదినాభివృద్ధి నొందుచున్నది. పూర్వులు అడవికి పోవునపుడు నారచీరలు కట్టిరి, కందమూలములు భుజించిరి. ఈ నవీనులు నీరంటని చొక్కాలు తొడిగి, మంచుపెట్టెల నిండ మద్యమాంసములు కుక్కి, తెరచాప పడవ నెక్కి, ఏంజెల్ దీవి యందలి అయాలా కోవ్ అను రేవునకు "లోకమునకు దూరముగా" వెడలుదురు. ఫ్రీమాంట్, సన్నీవేల్ ప్రాంతముల మన తెలుగువారిలోను కొందరీ దీక్షను స్వీకరించిరి; వారి మంచుపెట్టెలకు తోడుగా పులిహోర డబ్బా యుండుట యొక్కటే భేదము. ఇక ఆ దూరమన్ననో, టిబురాన్ రేవున ఫెర్రీ యెక్కిన సామాన్య మానవుడు ఇంచుమించు పది నిమిషములలో దాటు దూరము.

అంత సులభముగ పోదగిన చోటికి సగము దినము శ్రమించి పోవుటయే తపస్సందురు. ఒప్పుకొందము. వేసవి మధ్యాహ్నములందు గోల్డెన్ గేట్ నుండి చొచ్చివచ్చు పడమటిగాలి సామాన్యమైనది కాదు; తెరచాపను కొంత ముడిచి, మెడలోనికి కారు చన్నీటిని సహించుచు, ఒరిగిన పడవను త్రోవ తప్పకుండ నడుపుట విద్యయే; ఆ విద్యకు నమస్కారము. నా కలహమంతయు రేవు చేరిన పిమ్మటి వైరాగ్యముతోనే.

కోవ్ లోపల గాలి సన్నగిల్లును గాని ప్రవాహము సన్నగిల్లదు. కావున అచ్చట పడవను నీటిపై తేలు ఒక్క బోయాకు కట్టి యిచ్చవచ్చినట్లు తిరుగనిచ్చుట పొసగదు. అణియమున నొక త్రాడు, అమరమున నొక త్రాడు వేసి, రెండు బోయాల నడుమ బిగింపవలెను. చుక్కాని పట్టిన భర్త "అందుకో, అందుకో" యని గర్జించుచుండగా, అణియమున కొక్కెపుగడతో వంగిన భార్య అందుకొనవలసిన బోయా ఎప్పుడో వెనుకబడినదని ప్రతిగర్జన చేయుచుండగా, మున్ముందే వచ్చి కట్టుకొనిన తాపసులు కాఫీ లోటాలు చేతబట్టి, మౌనవ్రతము నొక గడియ విడిచి, ఎవ్వరు నడుగని సలహాలను నలుదెసల నుండి వర్షింతురు. త్రాళ్లు బిగిసిన పిదపనైనను శాంతి నెలకొనునా? ఒక పడవలో జెనరేటరు, మరియొకదానిలో పాటలపెట్టె, నడుమ నడుమ ఫెర్రీ, ఆ ఫెర్రీ లేపిన అలకు సర్వుల గిన్నెలును ఒక్కపెట్టున దొర్లుట. ఒడ్డున పచ్చికబయలు, భోజనపు బల్లలు, తినుబండారముల కొట్టు. ఈ సర్వసంగ పరిత్యాగమును సకలజనులకు తెలుపుటకు సెల్‌ఫోను ఉండనే యున్నది.

ఈ రేవునకు పూర్వము వచ్చినవారిలో ఇట్టి విరాగులు కానరారు. 1775లో సాన్ కార్లోస్ నౌకను ఇచ్చట నిలిపిన స్పెయిను నావికుడు అయాలా అఖాతమునకు పటము గీయించుటకై వచ్చెను. కాలికి గాయమగుటచే తాను నౌకలోనే యుండి శ్రమనంతయు తన మార్గదర్శికి అప్పగించెను. ఈ యొక్క విషయమున నేటి పడవపతులు ఆయనకు శిష్యులే. 1891 నుండి ఇదే ఒడ్డున రోగభయముచే ఓడలకు పొగబెట్టు క్వారంటైన్ కేంద్రముండెను. 1910 మొదలు 1940 వఱకు దీవి ఈశాన్యపు ఒడ్డున వలసవారిని నిర్బంధించి ప్రశ్నించిరి. చీనా శ్రామికులను బహిష్కరించిన 1882 నాటి చట్టము పుణ్యమున అచ్చట వారములు, నెలలు మ్రగ్గినవారు కొయ్యగోడలపై పద్యములు చెక్కిరి. చేరువనున్న నగరమునకు పోనిండని వారి మొఱ. అదే నగరమునుండి తప్పించుకొని వచ్చితిమని వీరి సంబరము. భార్య కళతో, మువ్వురు కుమారులతో, 25,000 డాలర్ల బంగారముతో 1915లో వచ్చిన భారతీయుడు వైష్ణో దాస్ బగాయ్‌ని సైతము ఈ దీవిలో ఆపిరి. తరువాత ఆయన పౌరసత్వమును పొందెను. భారతీయులు చట్టము దృష్టిలో శ్వేతజాతీయులు కారని 1923లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా ఆ పౌరసత్వమును కోల్పోయెను. 1928లో తన ప్రాణములు తానే తీసికొనెను.

పులిహోర కట్టుకొని వచ్చిన మనవారికి ఈ పేరు తెలిసియుండవలెనని కోరుట అత్యాశ కాదనుకొందును. ఆ నిర్బంధశాల నేడు ప్రదర్శనశాల. కోవ్ నుండి నడచిపోదగిన దూరముననే కలదు. అటు పోయిరండని యెవ్వరైన ననిరేని, తాపసులు నొచ్చుకొందురు: "విశ్రాంతికి వచ్చితిమి గదా, ఆ దుఃఖములిప్పుడేల?" నిజమే. విశ్రాంతికేమి, ఆ కొయ్యగోడల నడుమ అది నెలల తరబడి పుష్కలముగా దొరకెను. అచ్చట మ్రగ్గినవారియొద్ద బోయా రుసుము కూడ పుచ్చుకొనలేదు.