రెండు ముప్పావు

శుక్రవారం మార్నింగ్ షో వదిలిన పావుగంటకల్లా మా జహీరాబాద్ చాయ్ హోటల్లో తీర్పు వెలువడుతుంది. జడ్జి మా దోస్తు. అల్లం ధర పడిపోయిన ఏడాది నోరు మెదపనివాడు, సినిమా పడిపోతే మాత్రం మూడు రోజులు మాట్లాడతాడు.

"రెండుంబావు" అంటాడు. "రెండు ముప్పావు" అంటాన్నేను. ఆ అర మార్కు తేలేలోపు చాయ్ మీద మీగడ కడుతుంది. ఎక్కడ తగ్గించావురా అంటే, "సెకండాఫ్ సాగింది భాయ్" అంటాడు. సెకండాఫ్ అంతా వాడు ఫోన్లో ఇతరులు ఎన్ని మార్కులేశారో చూస్తూనే ఉన్నాడు. పక్క సీట్లో ఉన్నా గనక నాకు తెలుసు. నేను చూశానా అంటారా? కొంచెం కునుకు పట్టింది.

'పుష్ప 2' నిడివి 3 గంటల 20 నిమిషాలు. నడుం పట్టేసిందని మూలిగినవాడే, నెల తిరిగాక ఇంకో 20 నిమిషాలు కలిపారని తెలిసి మళ్లీ పోయాడు. 'దేవర' మిగతా కథ రెండో భాగంలో చెబుతారంటే వాడికి కోపమే రాలేదు. చెరుకు వేసినవాడికి మిగతా డబ్బు తర్వాత వస్తుందన్న మాట కొత్త కాదు. 'సంక్రాంతికి వస్తున్నాం'లో లాజిక్ లేదని తేల్చాడు. హాల్లో అందరికంటే గట్టిగా నవ్విందీ వాడే. 'బలగం'లో కాకి పిండం ముట్టనప్పుడు మాత్రం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, "కంట్ల నలక పడ్డది" అన్నాడు. దానికి మార్కులడిగితే, "గట్ల సిన్మాలకు మార్కులేంది?" అని నన్నే కసిరాడు.

మాకు ఇంత విజ్ఞానం ఉండగా, ఊరి పక్కనే పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘం ఆడవాళ్లు ఎవరినీ మార్కులడక్కుండా సినిమాలు తీసుకుంటూ వచ్చారు. బడి మొహం చూడని దళిత రైతు మహిళలే అందులో ఎక్కువ. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపం ఎందుకని 2003లో ఏకంగా ఒక డాక్యుమెంటరీయే తీశారు. కెమెరా కోణాలకు వాళ్లు పెట్టుకున్న పేర్లు వింటే మా జడ్జి పదవికి రాజీనామా చేయాలి. మనిషికీ మనిషికీ ఎత్తు తేడా కనబడితే పటేల్ షాట్. అందరూ చాప మీద కూర్చున్నట్టు కళ్లకు కళ్లు సమంగా ఉంటే సంఘం షాట్.

ఈ తూకం పట్టుకుని మొన్నటి సినిమాలు మళ్లీ లెక్కేశాను. హీరో ముందు బూటుగా వస్తాడు, తర్వాత మోకాలుగా, ఆపైన గడ్డంగా. మొహం చేరేసరికి పాట వచ్చేస్తుంది. మూడు గంటలు మెడ ఎత్తి చూస్తే మిగిలేది మెడ నొప్పే. 'బలగం'లో గొడవపడినా ఏడ్చినా మనుషులు మన ఎత్తులోనే ఉన్నారు. తువ్వాలు తడిసింది అందుకేనేమో.

ఇదంతా దోస్తుకు వివరించాను. శ్రద్ధగా విన్నాడు. తలూపాడు. తర్వాత కొత్త ట్రాక్టర్ పక్కన నిలబడి, అద్దాలు పెట్టుకుని, ఫోన్ నా చేతికిచ్చాడు.

"భాయ్, జర కింద కూసొని తియ్. బూట్లకెళ్లి రావాలె."

కూర్చున్నాను. ఫొటో బాగానే వచ్చింది. రెండు ముప్పావు.