పేపర్ యాక్సెప్ట్ అయింది... ఇక జేబు తియ్యండి!

శుభాకాంక్షలండీ! మీ పేపర్ యాక్సెప్ట్ అయింది. స్వీట్లు పంచారా? డబ్బులు కాస్త మిగుల్చుకోండి. అసలు బాదుడు ఇప్పుడే మొదలు.

నరసరావుపేట ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర లెక్చరరు గారొకరున్నారనుకోండి. సొంత పెట్రోలు పోసుకుని, అమరావతి స్తూపం చుట్టూ ఏళ్లకేళ్లు తిరిగి వ్యాసం రాశారు. ముందు కాపీరైట్ ఫారం వస్తుంది. ఒక్క సంతకం. వ్యాసం పరాయి సొత్తు. ఎంతిచ్చారు? సున్నా! ఆనక ప్రూఫులు. 48 గంటల్లో దిద్ది పంపాలట. ఏడాదిపాటు దాని మీద కూర్చున్న పెద్దలకు ఇప్పుడొచ్చింది తొందర! పోనీ, చదివి బాగోగులు తేల్చిన పండితులకేమైనా ముట్టిందా? వాళ్లదీ వెట్టే. మరి సొమ్మంతా ఎవడు మింగాడు? ఎల్సెవియర్ లాంటి పత్రికల కంపెనీలకు వందకు 38 దాకా లాభమే. మన కిరాణా కొట్టాయన వింటే మూర్ఛపోతాడు.

ఆ స్తూపం మీది పల్నాటి సున్నపురాయి శిల్పాలను తెల్లదొరలు 1859లోనే ఓడెక్కించారు. బ్రిటిష్ మ్యూజియంలో వాటినైనా ఉచితంగా చూడనిస్తున్నారు. వాటి మీద అమరావతి పక్కనుంచి రాసిన వ్యాసానికి మాత్రం టిక్కెట్టు! అదీ డాలర్లలో!

అందరూ ఉచితంగా చదివేలా తాళం తీయాలా? ఓపెన్ యాక్సెస్ ఉందిగా! రాసినవాడే కట్టుకోవాలి. 2021లో 'నేచర్' పత్రిక పెట్టిన ధర 9,500 యూరోలు. ఎనిమిది లక్షల పైమాటే. లెక్చరరు గారి జీతం ఎంతో అడక్కండి, బాగుండదు.

ఢిల్లీ ఊరుకుందా? 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అంది. అంటే పత్రికలకు దేశమంతటికీ కలిపి ఒకే చందా. మూడేళ్లకు 6,000 కోట్లు. జనం సొమ్ముతో పరిశోధన, మళ్లీ జనం సొమ్ముతోనే దాన్ని కొనుక్కోవడం! అదైనా సర్కారీ సంస్థలకే. మరి మన ప్రైవేటు లెక్చరరు గారిది ఏ నేషనండీ?

తెల్లదొరల్నే అంటే ఎలా? మనవాళ్లేం తక్కువ తిన్నారు? హైదరాబాద్ పత్రికల కంపెనీ 'ఓమిక్స్' సంగతి చూడండి. యాక్సెప్ట్ చేసేదాకా ఫీజు ఊసెత్తరనీ, వ్యాసం వెనక్కిచ్చేయమంటే ససేమిరా అంటారనీ అమెరికా వాణిజ్య నిఘా సంస్థ ఎఫ్‌టీసీ 2016లో కోర్టుకెక్కింది. 2019 మార్చిలో కోర్టు 5.01 కోట్ల డాలర్లు కట్టమంది. తెలుగోడి సత్తా అమెరికా కోర్టు రికార్డులకెక్కింది. చప్పట్లు!

మరి యూజీసీ? మంచి పత్రికలివీ అంటూ 'కేర్' జాబితా పెట్టింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసింది. ఏది అసలు, ఏది నకిలీ అన్నది ఇక కాలేజీలే తేల్చుకోవాలట. ఏ కాలేజీలు? ప్రమోషన్ ఫైల్లో పత్రిక ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు ఉంటే చాలు, లోపల పేజీ తిప్పని కాలేజీలు!