జాబర్ పోయె, మెంటర్ వచ్చె

మా సోలాపూర్ పూర్వ భాగంలో ఏ కాలేజీ గోడలకైనా రంగు పడుతోందంటే కాలేజీలను తూచి గుర్తింపునిచ్చే నాక్ బృందం రాబోతోందని అర్థం. పాత విద్యార్థులకు ఫోన్లు పోతున్నాయంటే ఆ రంగు ఆరిందని అర్థం. నాక్ మార్కులేసే ఐదో ప్రమాణంలో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యమని ఒక పద్దుంది. దాని పుణ్యమా అని పదేళ్లుగా ఎవరికీ గుర్తురాని మనిషి రాత్రికి రాత్రే రత్నమైపోతాడు.

మొన్నటి పూర్వ విద్యార్థుల మేళావాకు అలాంటి రత్నం ఒకటి పుణె హింజెవాడి నుంచి దిగింది. శాలువా కప్పారు, కొబ్బరికాయ చేతికిచ్చారు. (జీఐ గుర్తింపున్న చాదర్ల ఊళ్లో శాలువా ఎందుకో! చాదరు కప్పితే చలికాలానికి అక్కరకొచ్చేది.) రత్నం గంటన్నర మాట్లాడింది. నెట్‌వర్క్ పెంచుకోండి, లింక్డిన్‌లో కలవండి, మనసుకు నచ్చిందే చెయ్యండి అని. ఆయన మనసుకు నచ్చింది ఇంజనీరింగ్. దాని ఫీజుకు వాళ్ల నాయన నాలుగు నేత సాంచాల్లో రెండు అమ్మాడు. నాయన మనసుకు ఏం నచ్చిందో ఎవరూ అడిగినట్టు లేదు.

నెట్‌వర్క్ హింజెవాడిలోనే పుట్టిందని ఆయన నమ్మకం. 1877లో పాత మిల్లు నడక మొదలెట్టిన ఈ ఊరికి కరీంనగర్, నల్లగొండ, పాలమూరు పల్లెల పద్మశాలీలు రెజ్యూమెలు పట్టుకొని వచ్చారా? ముందొచ్చిన బావ కబురు పెడితే బామ్మర్ది మూట సర్దాడు. రాత్రి బావ గదిలో పడక, పొద్దున బావ పక్కన నిలబడి తెగిన పోగు ముడెయ్యడం. ముడి జారితే నెత్తిన ఒక మొట్టికాయ. దాన్నే ఇప్పుడు ఫీడ్‌బ్యాక్ అంటున్నారు.

మిల్లు గేటు దగ్గర మాత్రం జాబర్ ఉండేవాడు. కూలీని పెట్టేదీ తీసేదీ అతనే. ఈ జాబర్ల లంచాల భాగోతాన్ని 1931 నాటి రాయల్ లేబర్ కమిషన్ నివేదికే బయటపెట్టింది. అయినా ఆ పాపాత్ముడిలో ఒక సుగుణముంది. పైసలు తీసుకుంటే పని ఇప్పించేవాడు. మెంటర్ పైసా ముట్టడు.

సభ అయ్యాక ఒక బీకాం కుర్రాడు వేదిక దగ్గరికి పోయాడు.

"అన్నా, మీ ఎనుక గల్లీలనే ఉంటం. పుణెల ఏదన్న పని..."

"తప్పకుండా బ్రో! లింక్డిన్‌ల రిక్వెస్ట్ పెట్టు."

పెట్టాడు. 2023 నుంచి వందే భారత్ నడుస్తోంది కదా, తెల్లారి ఎక్కిన మనిషి టిఫిన్ వేళకు పుణెలో దిగుతాడు. కుర్రాడి రిక్వెస్ట్ మాత్రం రెండు నెలలైనా దౌండ్ దాటలేదు.

ఆ కుర్రాడి తల్లి రోజుకు వెయ్యి బీడీలు చుడుతుంది. ఒకరోజు కార్ఖానాలో మాలు అప్పజెప్పే లైన్లో నిలబడి, ముందున్న ఆమెతో గోడు చెప్పుకుంది. ముందున్నామె రత్నం తల్లే. కొడుకు వద్దన్నా ఆమె బీడీలు మానలేదు. ఇంటికి పోయి ఫోన్ తీసింది.

"అరేయ్, మన ఎనుకింటి చెల్లె కొడుకు నీకేదో పంపిండట, సూడలేదా? నారళీ పున్నంనాడు మార్కండేయుని రథంకాడ ఆమెకు నా మొఖం ఎట్ల సూపియ్యాలె?"

మర్నాడు సాయంత్రానికి ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. ముగ్గురుండే గదిలో నాలుగో పరుపు కూడా పడింది.

కాలేజీవాళ్లు కుర్రాడి నౌకరీ కాగితాన్ని మూడు జిరాక్సులు తీయించుకున్నారు. నివేదికలో 'పూర్వ విద్యార్థుల మెంటరింగ్ ద్వారా దొరికిన ఉద్యోగాలు' అనే గడిలో ఒకటి అంకె వేశారు. బృందం వచ్చింది, చూసింది, మెచ్చుకుంది. అదే రోజు కార్ఖానాలో ఇద్దరు తల్లుల మాలూ తనిఖీకి పోయింది. చుట్టడం సరిగా లేదని చెరి రెండు కట్టలు పక్కన పారేశారు.